గండికోట విడిదులు – ఆరోగ్య రక్షణ

పెన్నానది ఎఱ్ఱమల కొండలను చీల్చుకొని పోవుచోట ఇరుదరులను నిట్టనిలువుగా లేచిన ఎఱ్ఱని రాతిగోడలు గలవు. నీరు సుమారు 300 అడుగుల దిగువన కనబడును. ఈ గండిని బట్టియే దరినున్న దుర్గమునకు గండికోట యను పేరు కలిగినది. కడప మండలమున, జమ్మలమడుగునకు సుమారు 15 కిలోమీటర్ల దూరముననున్న యీ కోటను పూర్వము పెమ్మసాని నాయకులు పాలించిరి. మాధవరాయస్వామి ఆలయము, జుమ్మా మసీదు, ధాన్యాగారము నేటికిని నిలిచియున్నవి. ఒకప్పుడు చరిత్రాభిమానులు మాత్రమే చూచిపోవుచుండిన ఈ స్థలమునకు ఇప్పుడు హైదరాబాదు, బెంగుళూరు, చెన్నై నగరముల నుండి యువజనులు వచ్చి, దరిమీద గుడారములు వేసికొని, మార్గదర్శి వెంట పగలెల్ల రాళ్లలో నడచి, ప్రొద్దుగూకునప్పటికి మరల విడిది చేరుచున్నారు.

ఒకే విడిదిని ఆధారముగా నుంచుకొని తిరుగు ఈ పద్ధతి ఆరోగ్యదృష్టితో మేలైనది. మూపున బరువు తగ్గును. ఒంట్లో బాగులేనివాడు ఆ దినమున నీడపట్టున నిలిచిపోవచ్చును. వాని కొఱకు పదిమంది ప్రయాణము ఆగదు. వాడును సిగ్గుపడి జ్వరముతో నడువనక్కరలేదు. కాని గండిలోయకు ఒక ప్రత్యేకస్వభావము గలదు. దానిని తెలియని మార్గదర్శి ఎంతటి బలశాలియైనను పనికిరాడు.

కొండ నెక్కువాడు కష్టమును ముందు అనుభవించును. అలసినచోట వెనుదిరిగినచో దిగుట సులభము. లోయలోనికి దిగువాని గతి ఇందుకు తలక్రిందులు. ఉదయపు చల్లదనములో, కాళ్లలో సత్తువ యున్నప్పుడు దిగుట జరుగును. మధ్యాహ్నపు టెండలో, నీటిబుడ్డి అడుగంటినప్పుడు ఎక్కుట మొదలగును. పైగా రాయి పగలెల్ల వేడిని పీల్చుకొని చుట్టును వెలార్చుచుండును. గోడల నడుమ గాలి యాడదు. అమెరికాలోని కొలరాడోనది మహాలోయయందు ఈ సంగతి పెద్దయెత్తున కానవచ్చును. అక్కడ బ్రైట్ ఏంజెల్ బాట దరినుండి నదివఱకు సుమారు 4,400 అడుగులు దిగును. దరిమీద హాయిగానున్న వేసవి దినముననే అడుగున 40 డిగ్రీల సెంటిగ్రేడు దాటుట సామాన్యము. నదివఱకు పోయి ఒక్కదినముననే తిరిగి రాబూనవలదని అచటి అధికారులు హెచ్చరింతురు. 1996 వేసవిలో పలువురు మరణించిన పిమ్మట, 1997 నుండి వారొక క్రొత్త యేర్పాటు చేసిరి. బాట పైభాగముననే ఉద్యోగులు నిలిచి, దిగువారిని పలుకరించి, ఎంతదూరము పోదురు, ఎన్ని నీళ్లున్నవి, ఏమి తినిరి అని యడుగుదురు. పడిపోయినవానిని మోసికొనివచ్చుట కంటె పడిపోబోవువానిని గుర్తించి ఆపుట సులభమని వారి అనుభవము. గండికోట మార్గదర్శి ఈ మూడు ప్రశ్నలను ప్రతి ఉదయమును అడిగినచో ఖర్చేమియు లేదు. దిగుటకు పట్టిన కాలమునకు రెట్టింపు కాలము ఎక్కుటకు పట్టునని లెక్కించి, తెచ్చిన నీటిలో మూడవవంతు అయిపోవునప్పటికే వెనుదిరుగవలెను.

ఎండకు శరీరము అలవాటుపడుటకు వారము మొదలు రెండువారములు పట్టును. శీతల యంత్రములున్న కార్యాలయములలో పనిచేసి, శని ఆదివారములకు వచ్చిన యాత్రికునకు ఆ అవకాశము లేదు. ఊరి పశులకాపరి నడచుచున్నాడు గదా యని అతనితో పోటీపడుట తెలివితక్కువ. కడప ప్రాంతమున వేసవి కఠినము. నవంబరు నుండి ఫిబ్రవరి వఱకు విడిదులకు అనుకూలమైన కాలము. ఆ నెలలలోను 11 గంటల నుండి 4 గంటల వఱకు నీడలో నుండుట మంచిది.

నీటి విషయమున రెండు పొరపాట్లు గలవు. చాలినంత త్రాగకుండుట అందఱెఱిగినదే. రెండవది, ఉప్పేమియు లోనికి పోనీయక వట్టినీరే అదేపనిగా త్రాగుట. చెమటతో నీటివెంట ఉప్పును పోవును. తరువాత వట్టినీరు మితిమీరినచో రక్తములో లవణము పలుచబడి, తలనొప్పి, వికారము, వాంతులు, మతి తడబాటు కలుగును. ఇవి వడదెబ్బ లక్షణములవలెనే యుండుటచేత తోడివారు పొరబడి మరింత నీరు పట్టుదురు. రోగికి ప్రాణము మీదికి వచ్చును. కావున ఎంత త్రాగెనో, ఉప్పుగలది యేమైన తినెనో ముందు విచారింపవలెను. రాయలసీమ రైతు పొలమునకు కొనిపోవు ఉప్పు మజ్జిగ, గంజి, వేయించిన శనగలు ఈ పనికి చక్కగా సరిపోవును. ఖరీదైన సీసా పానీయములు అక్కరలేదు. ఓ.ఆర్.ఎస్. పొట్లమును దానిపై వ్రాసినంత నీటిలో, సాధారణముగా ఒక లీటరులో, పూర్తిగా కలుపవలెను. సగము పొట్లమును గ్లాసులో వేయరాదు. 1971లో బనగాఁవ్ శరణార్థి శిబిరమున డాక్టరు దిలీప్ మహలనబీస్ కలరా రోగులకు దీనినే పట్టించి ఎందఱనో కాపాడెను.

నడుచుచున్నవాడు తూలుచు పొంతనలేని మాటలాడినచో, శరీరము కాలిపోవుచున్నచో, అది వడదెబ్బ యని భావింపవలెను. చర్మము పొడిగానుండినగాని వడదెబ్బ కాదనుట తప్పు. శ్రమచేయువానికి చెమట కారుచుండగనే వచ్చును. మొదట చల్లార్చుట, ఆపైన తరలించుట. నీడకు చేర్చి, బట్టలు వదులుచేసి, ఒడలంతయు తడిపి విసరవలెను. స్పృహలేనివాని నోట నీరు పోయరాదు. 108కి వెంటనే ఫోను చేయవలెను. లోయ అడుగున సంకేతము అందకపోవచ్చును గనుక ఎచ్చట అందునో ముందే చూచియుంచుకొనవలెను.

ఇక వరద. ఇరుకైన కోనలో నడుచువాడు తలమీది ఆకాశమును చూచి ధైర్యపడరాదు. 1997 ఆగస్టు 12న అమెరికాలోని ఏంటిలోప్ లోయలో పదకొండుగురు కొట్టుకొనిపోయి మరణించిరి. వాన కురిసినది వారిమీద కాదు, మైళ్ల యెగువన. కడప సీమకును ఈ అనుభవము క్రొత్తది కాదు. 2021 నవంబరులో ఎగువ వానలకు చెయ్యేరు పొంగి అన్నమయ్య జలాశయపు కట్ట తెగినది. ఎగువన వాన సూచన యున్న దినమున కోనలలోనికి దిగకుండుటయే మార్గదర్శి ధర్మము. యాత్రికులు డబ్బు చెల్లించితిమని వాదించినను సరే. నీరు బురదరంగు తిరిగినను, పుల్లలు కొట్టుకొని వచ్చినను, తడవు చేయక ప్రక్కగట్టు ఎక్కవలెను.

దరి అంచున ఛాయాచిత్రములు తీసికొనువారిని గూర్చి ఒక్కమాట చాలును: ఆ రాతిపై కటకటాలు లేనిచోట్లు గలవు; వెనుకకు నడుచుచు ఫోటో తీసికొనరాదు.

రాత్రి భయము వేరు. వంటచోట మిగిలిన మెతుకులకు ఎలుకలు వచ్చును, ఎలుకలకై పాములు వచ్చును. కావున ఎంగిలిని గుడారములకు దూరముగా పూడ్చవలెను. రాళ్లసందుల చిన్నపింజర యుండును. చేయి పెట్టుటకు ముందు కఱ్ఱతో తట్టవలెను. ఉదయమున బూట్లు దులుపక తొడిగినచో ఎఱ్ఱతేలు కుట్టవచ్చును. అది పిల్లల గుండెకు ప్రమాదము. మహారాష్ట్రలోని మహాడ్‌కు చెందిన డాక్టరు హిమ్మత్‌రావ్ బావస్కర్ ప్రాజోసిన్ అను మందు ఈ విషమునకు పనిచేయునని చూపినాడు గనుక, ఆసుపత్రికి పోయినచో బ్రతుకుట కవకాశమున్నది.

అన్నిటికంటె మోసకరమైనది కట్లపాము. నేలపై పండుకొన్నవానిని రాత్రివేళ కఱచును. నొప్పి యుండకపోవచ్చును, కాటు గుర్తు కనబడకపోవచ్చును. తెల్లవారుజామున కడుపునొప్పి యని లేచినవాని కనుఱెప్పలు వాలుచుండినచో, మాట ముద్దగా వచ్చుచుండినచో, అజీర్ణమని సోడా త్రాగించి కాలము వృథాచేయరాదు. కట్టుకట్టుట, కోయుట, మంత్రము పెట్టించుట వలదు. కాలుసేతులు కదల్పక పడుకోబెట్టి వాహనమున చేర్చవలెను. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర ఈ నాలుగింటి విషమునకును ఒకే విరుగుడు సూదిమందు గలదు. అది దగ్గఱి ప్రభుత్వాసుపత్రిలో నున్నదా యని మార్గదర్శి విడిది వేయుటకు ముందే విచారించి, రాత్రి నడుపగల వాహనమును, దానిని తోలువానిని విడిదియందే ఉంచవలెను. గుడారపు జిప్పును అడుగువఱకు మూయుట, దోమతెర అంచులను పరుపు క్రిందికి మడచుట, దీపములేక బయటికి పోకుండుట, ఇవి ప్రతివాడును తానే చేసికొనవలసినవి.