ముందువరుస టిక్కెట్టు, ఆలస్యపు విమానము

పాలమూరు సీమలోని కోస్గికి రైలు లేదు. (కర్నూలు జిల్లాలో బొంబాయి–మద్రాసు మార్గము మీద నున్న కోసిగి వేరు, ఆ పేరు చూచి దిగినవారు మన కోస్గి చేరరు.) 2019 ఫిబ్రవరిలో నారాయణపేట జిల్లా ఏర్పడు వరకు మహబూబ్‌నగరు జిల్లాలో నుండిన యీ ఊరికి ఉన్నదల్లా ఆర్టీసీ డిపో. ఆ ప్రాంతపు జనమునకు దూరప్రయాణ మనగా బొంబాయి బస్సే. వానలు మొగము చాటేసిన యేట మూటాముల్లె కట్టుకొని, పిల్లలను ముసలివారి చేతిలో పెట్టి, మేడలు కట్టు కూలికి పోవుటయే. అట్టి ఇండ్లలో కొన్నింటినుండి ఒక తరము గడచునప్పటికి హైదరాబాదులో ఇంజనీరింగు చదివి అమెరికాలో కుదురుకొన్న కొడుకులు, కోడలి పురిటికనియో, మనుమని మొదటి పుట్టినరోజునకనియో తల్లిదండ్రులను పిలిపించుకొనుచు, వారి మోకాళ్ల నొప్పులను తలచుకొని, రెండు మూడు నెలల పొదుపును ఒక్క మీటతో ఖర్చు చేసి పంపుచున్న కాగితమే బిజినెస్ క్లాసు టిక్కెట్టు. విమానము వేళకు లేచినప్పుడు ఆ కాగితము విలువ యెవరికైనను తెలియును. లేవనప్పుడు దాని విలువ యెంత, అది దేనిని ఇప్పించును, దేనిని ఇప్పింపజాలదు అనునది మాత్రము కొన్నవారికే సరిగా తెలియదు.

ఈ తరగతి పుట్టుక విలాసము కొరకు గాక ఫిర్యాదుల వలన జరిగినది. జెట్ విమానములు వచ్చిన తొలి దినములలో తరగతులు రెండే: మొదటిది, సామాన్యము. 1970 తరువాత జంబో విమానములు వచ్చి సీట్లు వందలకొలది పెరుగగా, వానిని నింపుటకు సంస్థలు చౌక టిక్కెట్లు అమ్మజొచ్చినవి. అప్పుడు పూర్తి ధర చెల్లించి పనిమీద పోవు వ్యాపారి, అందులో సగము ధరకు విహారయాత్ర పోవువాని ప్రక్కననే మోచేయి మోచేయి రాచుకొనుచు కూర్చుండవలసి వచ్చినది. అతని సణుగుడును చల్లార్చుటకై 1978లో పాన్ ఆమ్, బ్రిటిష్ ఎయిర్‌వేస్ వంటి సంస్థలు మధ్యలో ఒక గదిని వేరుచేసి, దానికొక గొప్ప పేరు పెట్టినవి. తొలుత అందు విశేషమేమియు లేదు. కొంచెము ఎడము, కొంచెము మర్యాద, అడిగినంత పానీయము. కాళ్లు బారజాచి పూర్తిగా పడుకొనగల పడకను బిజినెస్ క్లాసులో బ్రిటిష్ ఎయిర్‌వేస్ 2000వ సంవత్సరమునందు గాని ప్రవేశపెట్టలేదు. అటుపిమ్మట పడక లేని సంస్థ పోటీలో నిలువలేకపోయినది.

2021 జనవరి 15న హైదరాబాదునుండి షికాగోకు నేరుగా ఎయిరిండియా నడపనారంభించిన బోయింగు 777 విమానమునందు 238 సీట్లుండినవి: మొదటి తరగతి 8, బిజినెస్ 35, తక్కిన 195 సామాన్యము. నేల చదరమును లెక్కించి చూచినచో ముందుభాగపు నలుబదిముగ్గురు ఆక్రమించిన చోటు వారి సంఖ్యతో పొత్తు లేనంత పెద్దది. రాబడిలోను వారి వంతు అట్టిదే. కావున కొడుకు కొన్నదేమనగా చోటు. ఆరున్నర అడుగుల పొడవున చాచుకొనుటకు చోటు, భుజము ప్రక్క పరాయి భుజము లేకపోవుట, మరుగుదొడ్డికి లేచునప్పుడు ఇద్దరిని దాటవలసిన అగత్యము లేకపోవుట. గంటలను అతడు కొనలేదు. విమానము ముక్కు, తోక ఒక్క వేళకే షికాగో చేరును.

శంషాబాదులో, 2008 మార్చినుండి పనిచేయుచున్న ఆ విశాలమైన విమానాశ్రయమున, దూరదేశపు విమానములు చాలవరకు అర్ధరాత్రికిని తెల్లవారుజామునకును నడుమ లేచును. అట్టి రాత్రి బిజినెస్ ప్రయాణికుల విశ్రాంతిశాలలో నొక మూల కూర్చున్నవానికి లోకజ్ఞానము కొంత అబ్బును. లోనికి అడుగిడినంతనే చల్లగాలి, మెత్తని సోఫాలు, ఆవిరి మూతల క్రింద ఇడ్లీ, ఉప్మా. గోడమీది తెరలో విమానముల వరుస. ఆ వరుసలో ఒక దానికి ఎదురుగా ‘ఆలస్యము’ అని పడి, దాని ప్రక్కన క్రొత్త వేళ వెలసినది. పాలమూరు యాస గల వృద్ధ దంపతులు నా యెదుట కూర్చున్నారు. ఆమె కాళ్లు సోఫామీదికి మడిచి పెట్టుకొని, సంచిలోనుండి బట్టలో చుట్టిన జొన్నరొట్టెలు, సీసాలోని పల్లీల పొడి తీసి, పింగాణీ పళ్లెములో నిరాడంబరముగా వడ్డించినది. ఆ శాలలో ఆ రాత్రి తిన్న తిండి యన్నింటిలో నాకు అసూయ గొల్పినది అదియొక్కటే. ఆయన లేచి బల్లవద్ద నున్న అమ్మాయి నడిగినాడు.

“బిడ్డా, ఇంకెప్పుడు లేస్తది విమానం?”

“ఇంకో గంట పడుతుంది అంకుల్. టెక్నికల్ ఇష్యూ.”

ఆమె రొట్టె తుంచుచునే అందుకొన్నది: “గంట కింద గూడ గంటే అన్నవు గదమ్మా.”

ఆ అమ్మాయి అబద్ధమాడలేదు. ఆలస్యమును గంటగంటకు విడతలుగా ప్రకటించుట విమానయాన ప్రపంచమున ఆచారము వంటిది. ప్రయాణికుని మనస్సును అంతగా నలిపివేయునది మరియొకటి లేదు. దానికి కారణము కలదు. ఒక పనిముట్టు మొరాయించినప్పుడు ఇంజనీరు చెప్పగలిగినది ‘విడిభాగము మార్చి పరీక్షించి చూచెదను’ అని మాత్రమే. పరీక్ష నెగ్గునో లేదో అతనికిని తెలియదు. తెరమీది వేళ విమానము లేచు వేళ కాదు, తరువాతి సమాచారము వచ్చు వేళ. ఒక్కసారిగా ఆరుగంటలని ప్రకటించినచో ప్రయాణికులు చెదరిపోవుదురు. మరమ్మతు రెండుగంటలలో ముగిసినచో వారిని మరల కూడగట్టుట కష్టము. ఈ సమాధానము న్యాయమైనదే. కాని ఆరుగంటలు దాటిన ఆలస్యమును ముందుగా ఒప్పుకొన్నచో సంస్థపై బాధ్యతలు పెరుగుననునదియు నిజమే గనుక, విడతల ప్రకటనలలో ఇంజనీరు అనిశ్చయ మెంత, గణకుని జాగ్రత్త యెంత అని అనుమానించు హక్కు ప్రయాణికునకు కలదని నా అభిప్రాయము.

ఆలస్యమునకు మూలము తరచుగా మన కంటికి కనబడని చోట నుండును. మనము ఎక్కవలసిన విమానము ఖాళీగా మనకొరకు కాచుకొని యుండదు. అది యెక్కడినుండియో దిగి, శుభ్రపడి, ఇంధనము నింపుకొని రావలసినది. అక్కడ పొగమంచు పట్టినచో ఇక్కడ నిర్మలాకాశమున మనము వేచియుందుము. ఫ్రాంక్‌ఫర్ట్ వంటి చోట రాత్రి పదకొండు మొదలు తెల్లవారి ఐదువరకు నిర్ణీత రాకపోకలు నిషిద్ధములు. అర్ధగంట జాగు అక్కడ ఒక రాత్రిగా పరిణమింపవచ్చును. ఎక్కకుండ మిగిలిపోయిన ప్రయాణికుడొకడున్నచో, అతని పెట్టెను సరకుల గదిలోనుండి వెదకి దింపిన గాని విమానము కదలదు. అది భద్రతా నియమము, దానిని తప్పుపట్టరాదు. ఇక ఆకాశమున గీతలు గీయు రాజకీయము వేరు. 2019లో ఫిబ్రవరి 27నుండి జులై 16వరకు పాకిస్తాను తన గగనమును మూసినది. 2025 ఏప్రిల్ 24నుండి భారతీయ విమానములకు మరల మూసి, నెలనెలా పొడిగింపసాగినది. ఢిల్లీనుండి అమెరికాకు ఏకబిగిని పోవలసిన విమానములు కొన్ని చుట్టుత్రోవ పట్టి, ఇంధనమునకై వియన్నాలో దిగి లేవవలసి వచ్చినది.

అన్నింటికంటె కఠినమైనది పైలట్ల పనివేళల లెక్క. పైలటు డ్యూటీ విమానము లేచినప్పటినుండి గాక, అతడు హాజరైన క్షణమునుండి సాగును. పదునారు గంటల ప్రయాణమునకు రెండు జతల పైలట్లు వంతులవారీగా పడుకొనుచు నడుపుదురు గాని, ఆ ఏర్పాటునకును హద్దు కలదు. నేలమీద నాలుగుగంటలు గడచినచో ఆ హద్దులో నాలుగుగంటలు ఖర్చయినట్లే. హద్దు దాటునని తేలిన క్షణమున, విమానము బాగుపడి సిద్ధముగా నిలిచియున్నను, పైలట్లు దిగిపోవుదురు. క్రొత్తవారు విశ్రాంతి ముగించుకొని రావలెను. మూడుగంటల మరమ్మతు పదునెనిమిది గంటల ఆలస్యముగా మారుట చాల సందర్భములలో ఇట్లే. 2025 డిసెంబరు తొలివారమున, పైలట్ల విశ్రాంతికి సంబంధించిన క్రొత్త నియమములకు తగినంత సిబ్బందిని సమకూర్చుకొనకపోవుటచే ఒక్క సంస్థకే దేశమున వేలకొలది సర్వీసులు రద్దయినప్పుడు, శంషాబాదులో జనము పెట్టెలపై కూర్చుండి చూచినది ఈ లెక్కనే.

ఇప్పుడు హక్కుల సంగతి. మన పౌర విమానయాన డైరెక్టరేటు నియమముల ప్రకారము దూరప్రయాణపు విమానము నాలుగుగంటలకు మించి ఆలస్యమైనచో తిండి, పానీయము ఇయ్యవలెను. దేశములోపలి విమానమైనచో, ఆలస్యము ఆరుగంటలు దాటినప్పుడు మరియొక విమానమో, పూర్తి పైకము వాపసో ప్రయాణికుడు కోరుకొనవచ్చును. ఏ ప్రయాణమందైనను ఆలస్యము ఇరువదినాలుగు గంటలు దాటినను, రాత్రి ఎనిమిదినుండి తెల్లవారి మూడు గంటల మధ్య లేవవలసిన విమానము ఆరుగంటలకు మించి జాగు చేసినను హోటలు బస కల్పింపవలెను. మూడు దాటి పదినిమిషములకు లేవవలసిన విమానమైనచో ఈ రెండవ ఏర్పాటు వర్తింపదు. శంషాబాదు వేళలు తెలిసినవారికి ఆ పదినిమిషముల చమత్కారము బోధపడును. విదేశీ సంస్థలు తమ దేశపు నియమములను అనుసరింపవచ్చును. ఐరోపా సమాజపు 2004 నాటి 261వ నియమము మరింత ఉదారమైనది: ఐరోపానుండి లేచు విమానము, లేదా అక్కడి సంస్థ అక్కడికి నడుపు విమానము, సంస్థ తప్పిదముచే చాల ఆలస్యముగా గమ్యము చేరినచో, 3,500 కిలోమీటర్లు మించిన దూరమునకు ఒక్కొక్కరికి 600 యూరోలు.

ఇందేదియు తరగతిని చూడదు. లక్షలు పోసినవానికిని 600 యూరోలే, అందులో నాలుగవవంతు పోసినవానికిని 600 యూరోలే. తరగతి పేరెత్తు నియమము ఒక్కటే: బిజినెస్ టిక్కెట్టు గలవానిని సామాన్యములో కూర్చుండబెట్టినప్పుడు. 2023 ఫిబ్రవరి 15నుండి మన దేశమున, అంతర్జాతీయ ప్రయాణమున 3,500 కిలోమీటర్లు మించిన దూరమునకు పన్నులతో సహా టిక్కెట్టు ధరలో నూటికి 75 వంతులు తిరిగి ఇయ్యవలెను. ఆలస్యమై విమానము మార్చినప్పుడు చిన్నది వచ్చి పడకలు తగ్గుట సాధారణము గనుక, ‘ఎట్లో ఇల్లు చేరినాము గదా’ అని ఊరకుండక ఈ అంకెను జ్ఞాపకముంచుకొనవలెను.

తరగతుల భేదము ఎంత పలుచనిదో 2023 జూన్ 6న మగదాన్‌లో లోకమునకు తెలిసినది. ఢిల్లీనుండి శాన్ ఫ్రాన్సిస్కోకు 216 మంది ప్రయాణికులతో, 16 మంది సిబ్బందితో పోవుచున్న ఎయిరిండియా 777 విమానమునకు ఒక ఇంజనులో లోపము కనబడగా, రష్యా తూర్పు కొసన, ఓఖోట్స్క్ సముద్రతీరమున, ఒకప్పుడు స్టాలిను ఖైదీలను దింపిన రేవుపట్టణమున అది దిగినది. అన్ని వందలమందికి తగిన హోటళ్లు ఆ ఊర లేవు. పాఠశాలలోను వసతిగృహములలోను నేలమీద పరుపులు వేసి పడుకొనబెట్టిరి. ఆరున్నర అడుగుల పడక కొన్నవాడును, ముప్పది అంగుళముల ఎడము కొన్నవాడును ఒకే వరుసలో ఒకే కప్పు క్రింద పడుకొని, భాష తెలియని వంటవారు వడ్డించినది తినిరి. ముంబైనుండి వేరొక విమానము పోయి వారిని గమ్యము చేర్చునప్పటికి జూన్ 8 వచ్చినది. సంస్థ క్షమాపణ చెప్పి టిక్కెట్టు ధర పూర్తిగా వాపసు చేసినది. అనగా మగదాన్‌లో సమానులైన వారు వాపసు రోజున మరల తరగతులుగా విడిపోయిరి.

మరుసటి యేడు ఏప్రిల్ 16న దుబాయిలోను అదియే జరిగినది. ఏడాది పొడవునను నూరు మిల్లీమీటర్లైనను కురవని చోట ఒక్క దినమున 142 మిల్లీమీటర్లు కురిసి, విమానాశ్రయము చెరువై, కూలివాడును యజమానియు ఒకే కార్పెట్టుపై కునికిరి.

అయినచో ఆ కొడుకు ఖర్చు వృథాయేనా? కాదు. మగదాన్‌లు అరుదు, మామూలు ఆలస్యము ఐదారు గంటలది. ఆ గంటలు లోహపు కుర్చీలో గాక సోఫాలో గడచుట డెబ్బదేండ్ల నడుమునకు చిన్న విషయము కాదు. విమానము రద్దయినప్పుడు బిజినెస్ బల్లవద్ద వరుస పొట్టిది; మరుసటి విమానములో మిగిలిన నాలుగు సీట్లు తొలుత వారికే పోవును. న్యాయమా అని అడిగినచో నేను సమాధానము చెప్పజాలను. కాని అది జరుగును. అన్నిటిని మించి, రాత్రంతయు మేలుకొన్న పిదప పదునారు గంటల ప్రయాణమున కాళ్లు చాచి నిద్రించినవాడు, కాళ్లవాపు లేక, మనుమని ఎత్తుకొను ఓపికతో దిగును. ఆ సుఖము ఆలస్యము పెరిగినకొలది పెరుగును.

పోవువారికి రెండు మాటలు మాత్రము చెప్పదలచినాను. రక్తపుపోటు, చక్కెర మాత్రలు మూడు దినములకు సరిపడ చేతిసంచిలోనే యుండవలెను; సరకుల గదిలోనికి పోయిన పెట్టె ఆలస్యమున మీ చేతికి రాదు. రెండవది, మధ్యలో విమానము మారునప్పుడు మొత్తము ప్రయాణము ఒక్క టిక్కెట్టుపైననే యుండవలెను. అట్లున్నచో మొదటి విమానము జాగు చేసి రెండవది తప్పినను చేర్చు బాధ్యత సంస్థదే. హైదరాబాదు–దుబాయి ఒకటి, దుబాయి–షికాగో ఒకటి అని చౌకకు విడివిడిగా కొన్నచో, రెండును బిజినెస్ క్లాసే యైనను, తప్పిన రెండవ విమానమునకు కొడుకు మరల పైకము కట్టవలసినదే.