మీకు తెలుసా? నూజివీడులో రసాలే కాదు, వీణలూ ఉన్నాయి

నూజివీడు స్టేషన్‌లో రైలు దిగితే నూజివీడులో దిగినట్టు కాదని మీకు తెలుసా? విజయవాడ–ఏలూరు లైను మీద ఆ పేరుతో ఉన్న స్టేషన్ హనుమాన్ జంక్షన్ దగ్గర ఉంది. ఊరు చేరాలంటే అక్కణ్ణుంచి మళ్లీ బస్సో ఆటోనో పట్టుకోవాలి. అందుకే విజయవాడ నుంచి వచ్చేవాళ్లకు నున్న, ఆగిరిపల్లి మీదుగా వచ్చే బస్సే మేలంటాను. కిటికీ పక్క సీటు దొరికితే ఇంకా మంచిది, ఆ దారంతా మామిడి తోటలే.

బస్సు దిగాక పెద్ద గాంధీబొమ్మ సెంటరు ఎటని అడగండి, ఎవరైనా చెబుతారు. అక్కణ్ణుంచి కోట వైపు పాత వీధులు పట్టుకుని తిరగండి. ఇక్కడ గైడు ఉండడు. వీధి అరుగుల మీద కూర్చున్న పెద్దవాళ్లే ఆ లోటు తీరుస్తారు. ‘‘ఇది ఎవరి దివాణమండీ?’’ అని అడగడం మొదలుపెడితే చాలు. గోడలెత్తుగా ఉన్న పాత ఇల్లు కనిపిస్తే మాత్రం గేటు తోసుకుని వెళ్లిపోవద్దు, అడిగి వెళ్లాలి.

ఆ ప్రశ్న అడగమనడానికి కారణముంది. నూజివీడును ఏలింది మేకా అప్పారావుల వంశం. ఉత్తర సర్కారుల్లోని పెద్ద జమీందారీల్లో వాళ్లది ఒకటి. మొదట నిడదవోలు, నూజివీడు అని రెండుగా చీలింది. తర్వాత వారసుల వాటాలతో ఉయ్యూరు, తేలప్రోలు, మీర్జాపురం అంటూ శాఖలు పుట్టుకొచ్చాయి. అందువల్ల కృష్ణా జిల్లాలో చాలాచోట్ల ‘రాజావారు’ అంటే కథ తిరిగి తిరిగి నూజివీడుకే వస్తుంది. 1948లో మద్రాసు ప్రభుత్వం తెచ్చిన ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీలు పోయాయి, పేర్లు మిగిలాయి. ఊళ్లో ధర్మ అప్పారావు కళాశాల బోర్డు చూడండి. ఈ వంశంవారే అయిన ఎం.ఆర్. అప్పారావు 1974 నుంచి 1980 దాకా ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేశారు. అన్నట్టు, ఊరు కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలోకి మారింది 2022 ఏప్రిల్‌లో.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి. వీణ అనగానే మనకు బొబ్బిలి గుర్తొస్తుంది, భౌగోళిక గుర్తింపు కూడా దానికి దక్కింది. నూజివీడులోనూ తరతరాలుగా వీణలు తయారవుతున్నాయని మీకు తెలుసా? సరస్వతి చేతిలో ఉండే ఆ వాద్యాన్ని ఇక్కడ చెక్కుతూ వచ్చింది ముస్లిం కుటుంబీకులు. బాగా ఆరిన పనసచెక్క తెచ్చి, కుండను లోపలంతా తొలిచి, దండి అమర్చి, చివర యాళి తల చెక్కుతారు. అసలు నైపుణ్యమంతా మెట్లు వేసేటప్పుడు కనబడుతుంది. దండి మీద రెండు వరసలుగా మైనం, మసి కలిపిన నల్లటి ముద్ద పెట్టి, అందులో ఇరవై నాలుగు ఇత్తడి మెట్లు కూర్చాలి. ఒక్కో మెట్టు దగ్గరా తీగ మీటి, చెవొగ్గి విని, వెంట్రుకవాసి జరిపి మళ్లీ మీటాలి. స్వరం నిలిచాకే తర్వాతి మెట్టు. కొన్నేళ్లకు మైనం కదిలి మెట్లు జారితే మళ్లీ పని మొదటికొస్తుంది, అప్పుడు వీణ తయారీదారు చేతుల్లోకే రావాలి. పాడయిన మెట్లను సరిచేయగలిగేవాళ్లు దగ్గర్లో లేకపోతే వాయించేవాళ్లూ తగ్గిపోతారు. ఇంతటి విద్య ఉన్న వీధికి దారి చూపే బోర్డొకటి ఊరి సెంటర్లో నిలబెట్టాలి. అది పెద్ద ఖర్చు కాదు, పెద్ద మర్యాద. పనివాళ్ల ఇంటికి వెళ్తే ఫోటోల కోసం తొందరపెట్టకండి. మెట్లు వేస్తున్న వేళైతే మాట్లాడకుండా కూర్చోండి, వాళ్లు చెవితో పనిచేస్తున్నారు.

ఈ ఊళ్లో నడవడానికి మే నెలను ఎంచుకోండి, మామిడి రసాల కోసం. ఎండ ముదరకముందే తిరుగుడు ముగించి, బండి దగ్గర చిన్నరసాలు కొనండి. కోసుకుని తినే పండు కాదిది. ముందు రెండు అరచేతుల మధ్య మెల్లగా పిసికి మెత్తబరచాలి. ముచ్చిక తీసి మొదటి చుక్కలు పిండి పారబోయాలి, ఆ సొన పెదవికి తగిలితే పొక్కుతుంది. ఆ తర్వాత నోటికి పెట్టుకుని పీల్చడమే. పెద్దరసం, చెరుకురసం, బంగినపల్లి కూడా దొరుకుతాయి. ‘కలెక్టరు కాయ’ అని ఎవరైనా అంటే తోతాపురి అని అర్థం చేసుకోండి.

సాయంత్రం దాకా సమయముంటే నూజివీడు మండలంలోనే ఉన్న మీర్జాపురం కూడా చూసిరండి. ఆ ఊరి రాజా మేకా వెంకట్రామయ్య అప్పారావు మద్రాసులో సినిమాలు తీశారు. 1949లో ‘కీలుగుర్రం’ నిర్మించి, తానే దర్శకత్వం వహించారు. అదే ఏడాది ఆయన భార్య, నటి సి. కృష్ణవేణి ఎల్వీ ప్రసాద్ దర్శకత్వంలో ‘మనదేశం’ నిర్మించారు. నందమూరి తారక రామారావు తొలిసారి తెరమీద కనిపించింది అందులోనే, పోలీసు ఇన్‌స్పెక్టరు వేషంలో. రెంటికీ సంగీతం ఘంటసాలది. మద్రాసులో రాజావారి స్టూడియో పేరు శోభనాచల. విజయవాడ తిరుగు బస్సులో ఆగిరిపల్లి దగ్గర దిగితే ఎదురయ్యే నరసింహస్వామి కొండ పేరు కూడా అదే, శోభనాచలం.