డబ్బా మీది మాట ఎవరిది?

5డబ్ల్యూ-30 అని రాసిన ఇంజన్ ఆయిల్ డబ్బాలు రెండు పక్కపక్కన పెట్టండి. ఒకదాని మీద ఏపీఐ ఎస్‌పీ అని ఉంది, రెండోదాని మీద ఏసీఈఏ సీ3 అని. 100 డిగ్రీల వేడిలో రెండింటి చిక్కదనమూ 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ లోపే. 30 అన్న అంకె ప్రధానంగా చెప్పేది అదే. 150 డిగ్రీల వేడిలో, బేరింగుల మధ్య నలిగేచోట తేడా బయటపడుతుంది. అక్కడ మొదటిదాని చిక్కదనం 2.9 మిల్లీపాస్కల్ సెకండ్లు ఉంటే చాలు. రెండోదానికి 3.5 కంటే తగ్గకూడదు. గ్రేడు ఒక్కటే చూసి ఆయిల్ కొనడం, బరువు చూసుకుని రకం అడక్కుండా బియ్యం బస్తా ఎత్తుకొచ్చినట్టే.

ఆ రకాన్ని చెప్పేది గ్రేడు కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. అక్కడ అంకె కంటే ముందు దాని పక్కనున్న మాట చదవాలి. ‘ఎంబీ-అప్రూవల్ 229.51’ అని ఉంటే మెర్సిడెస్ బెంజ్ ఆ ఆయిల్‌ను ఆమోదించిందని. ఆమోదం పొందిన ఆయిళ్ల జాబితాను ఆ కంపెనీయే బయటపెడుతుంది, పేరు ఉందో లేదో చూసుకోవచ్చు. అదే 229.51 ముందు ‘మీట్స్’ అని ఉంటే ఆ ప్రమాణాన్ని అందుకున్నామని ఆయిల్ కంపెనీ తనంతట తాను చెప్పుకుంటోంది. ‘సూటబుల్ ఫర్’, ‘రికమెండెడ్ ఫర్’ ఇంకా పలచన: అవి ఆయిల్ అమ్మేవాడి సలహాలు, కారు చేసినవాడి మాట కాదు. అలాగని ఆ ఆయిల్ నాసిరకమని తేల్చేయలేం. ఆమోదానికి పరీక్షల ఖర్చుంటుంది. కానీ రేపు వారంటీ పేచీ వస్తే కారు కంపెనీ అడిగేది తన మాట గురించే.

ఒక చమత్కారం ఏమిటంటే, ‘ఏసీఈఏ అప్రూవ్డ్’ అని ఎక్కడైనా కనిపిస్తే అనుమానించాలి. యూరప్ కార్ల తయారీదారుల ఆ సంఘం ఏ ఆయిల్‌నూ ఆమోదించదు. ప్రమాణాలు రాసి పెడుతుంది, అందుకున్నామని ఆయిల్ కంపెనీలే ప్రకటించుకుంటాయి. అమెరికా సంస్థ ఏపీఐ పద్ధతి వేరు. దాని గుండ్రటి ముద్ర వేసుకోవాలంటే లైసెన్సు ఉండాలి. ముద్ర లేకుండా ఉత్త అక్షరాలే ఉంటే అదీ సొంత డబ్బాయే.

ఏపీఐ పెట్రోల్ వరుస ఎస్‌ఏతో మొదలవుతుంది. 1930 తర్వాత తయారైన చాలా ఇంజన్లకు ఎస్‌ఏ పనికిరాదు. ఎస్‌పీ 2020 మే నుంచి, ఎస్‌క్యూ 2025 మార్చి నుంచి అమల్లోకి వచ్చాయి. కార్ల ఇంజన్లకు ఈ వరుసలో కొత్త అక్షరం పాతవాటికీ సాధారణంగా సరిపోతుంది. ఆ లెక్క ఫోక్స్‌వ్యాగన్ దగ్గర చెల్లదు. దాని 504 00 ప్రమాణానికి 150 డిగ్రీల చిక్కదనం కనీసం 3.5 ఉండాలి, 508 00కు 2.6 చాలు. అంకె పెద్దదని రెండోది పోస్తే మొదటిది కోరే ఇంజన్‌కు పలచబడుతుంది. ఈ 508 00 ఆయిల్‌కు ఆకుపచ్చ రంగు కలుపుతారు.

మన రోడ్ల మీద కార్ల కంటే బైకులే ఎక్కువ కదా, వాటి సంగతీ చూద్దాం. గేర్ల బైకుల్లో చాలావాటి క్లచ్ ఇంజన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది. ఏపీఐ ముద్ర కింది సగంలో ‘రిసోర్స్ కన్సర్వింగ్’ అని ఉంటే అది ఇంధనం ఆదా చేసే కార్ల ఆయిల్. జారుడు పెంచే రసాయనాలు అందులో ఉండొచ్చు, క్లచ్ జారిపోవచ్చు. అందుకే బైకుకు జపాన్ ప్రమాణమైన జాసో ఎంఏ లేదా ఎంఏ2 చూడాలి. జాసో ఎంబీ అన్నది ఆయిల్‌లో తడవని క్లచ్ ఉన్న గేర్లెస్ స్కూటర్లకు. జాసో ముద్ర ఇక్కడ నిజాయితీగానే ఉంటుంది: ఈ పనితీరుకు హామీ ఇచ్చేది ఫలానా ఆయిల్ కంపెనీ అని ముద్రలోనే రాసి ఉంటుంది.

డ్రమ్ములోంచి కొలిచి పోసే లూజు ఆయిల్‌కు రాత కనబడకపోతే ఈ చదువంతా పనికిరాదు. అందుకే పోసే ముందు డ్రమ్ము ఇటు తిప్పమని మెకానిక్‌ను అడగండి.