గట్టెక్కించేది గేరే!

కొత్త ట్రాక్టర్ ఇంటికొచ్చిన రోజు కొబ్బరికాయ కొడతాం. చక్రాల కింద నిమ్మకాయలు పెడతాం. ఆ మర్నాటి నుంచే వెనక ట్రాలీ తగిలించి, లాగగలిగినంత కాదు... పట్టినంత నింపుతాం. ఆ బరువంతా ఎక్కడ పడుతుందో తెలుసా? బయటికి కనిపించని క్లచ్ మీద, గేర్ బాక్స్ మీద!

గోదావరి ఒడ్డున ఓ ఇసుక ర్యాంపు. ఇంకా పూర్తిగా తెల్లారలేదు. నిండు ట్రాలీతో ట్రాక్టర్ ఒకటి ఏటిగట్టు ఎక్కుతోంది. సగం దూరం వచ్చేసరికి ఇంజిన్ గొంతు మారింది. గుప్పున నల్లటి పొగ. డ్రైవర్ క్లచ్ సగం నొక్కిపట్టి ఇంజిన్ రేజ్ చేశాడు. ముందు చక్రాలు జానెడు పైకి లేచాయి. ఎలాగోలా బండి గట్టెక్కింది. 'హమ్మయ్య' అనుకునేలోపే ఏదో మాడిన వాసన! డ్రైవర్ ముఖం మాడిపోయింది. కాలింది క్లచ్ ప్లేట్ అని వేరే చెప్పాలా?

అది మార్చడం బానెట్ ఎత్తి చేసే పని కాదు. ట్రాక్టర్‌ని నడుము దగ్గర రెండుగా విడదీయాలి. ఇంజిన్ ఒకవైపు, గేర్ బాక్స్ మరోవైపు. సరిగ్గా కోతలప్పుడు ఇలా జరిగితే షెడ్డులో బండి, ఇంటి దగ్గర యజమాని... ఇద్దరూ ఖాళీ! కిరాయిలు ఆగిపోతాయి కానీ ఫైనాన్స్ వాయిదా ఆగదుగా?

ఒక్కసారి లెక్కేస్తే...

45-50 హార్స్‌పవర్ ట్రాక్టర్ బరువు దాదాపు 2 టన్నులు. వంద ఘనపుటడుగుల ఇసుక బరువు, అడుగుకు 45 కిలోల చొప్పున చూసినా నాలుగున్నర టన్నులు. తడి ఇసుకైతే ఇంకా ఎక్కువ. 75 కిలోల ధాన్యం బస్తాలు 60 వేసినా అంతే. ఖాళీ ట్రాలీ బరువు మరో టన్ను పైనే. అంటే, తన బరువుకు రెండున్నర రెట్లకు మించి ట్రాక్టర్ లాగుతోందన్నమాట!

'అబ్బాయ్, ఇంకో పది బస్తాలు పడతాయి, ఎక్కించెయ్' అంటాడు ఆసామి. 'రోడ్డు మీదైతే లాగుద్దండీ... గట్టు దగ్గరే భయమండీ' అని నసుగుతాడు డ్రైవర్. చివరికి గెలిచేది ఆసామే!

బరువులు లాగే బండ్లకు ఈ తిప్పలు మనదగ్గరే కాదు. అమెరికాలో పికప్ ట్రక్కుల వెనక ట్రైలర్ తగిలించి పడవల్నీ గుర్రాల్నీ తీసుకెళుతుంటారు. ఏ బండి ఎంత లాగగలదో తేల్చడానికి అక్కడో పరీక్ష ఉంది. అరిజోనాలోని డేవిస్ డ్యామ్ దగ్గరి సుమారు 18 కిలోమీటర్ల ఎత్తురోడ్డే అందుకు కొలమానం. 38 డిగ్రీల ఎండలో, ఏసీ వేసుకుని మరీ బరువుతో ఎక్కాలి. ఆ ట్రక్కుల్లో చాలావాటికి గేర్ బాక్స్ నూనెను చల్లార్చే కూలరుంటుంది. నూనె ఎంత వేడెక్కిందో చెప్పే మీటరూ ఉంటుంది. మన ట్రాక్టర్ క్లచ్‌కి అలాంటి మీటరేదీ లేదు. డ్రైవర్ ముక్కే థర్మామీటర్!

పాదం పక్కకు...

ఇంజిన్ బలం గేర్లకు చేరాలంటే మధ్యలో క్లచ్ ప్లేట్ గట్టిగా అతుక్కుని తిరగాలి. పెడల్ మీద పాదం ఆనించి నడిపితే ఆ పట్టు సడలుతుంది. ప్లేట్ జారుతుంది. అరచేతులు రెండూ రుద్దితేనే వేడి పుడుతుందే... టన్నుల బరువు లాగుతూ ఇనుము మీద ప్లేట్ రుద్దుకుంటే? అందుకే గేరు పడగానే పాదం పక్కకు తీసేయాలి. ఎత్తులో ఆగాల్సివస్తే బండిని బ్రేకుతో ఆపాలి, హాఫ్ క్లచ్‌తో కాదు. పెడల్ నొక్కగానే మొదట కాస్త ఖాళీగా కదలాలి. ఆ ఖాళీ మాన్యువల్‌లో చెప్పినంత ఉందో లేదో అప్పుడప్పుడూ చూసుకోవాలి. అది లేకపోతే కాలు పెట్టకపోయినా క్లచ్ అరుగుతూనే ఉంటుంది.

గేరు ముందు... గట్టు తర్వాత

కారులో అయితే ఎత్తు మధ్యలో గేరు తగ్గించొచ్చు. చాలా ట్రాక్టర్లలో అది కుదరదు. క్లచ్ నొక్కిన మరుక్షణం వెనక బరువు బండిని ఆపేస్తుంది. తిరుగుతున్న పళ్లను బలవంతంగా కలిపితే గేరు పళ్లే రాలతాయి. కాబట్టి గట్టు కిందే ఆగి, 'లో'లో సరైన గేరు వేసుకుని, మార్చకుండా పైదాకా వెళ్లాలి.

బరువు ఎక్కడుందన్నదీ ముఖ్యమే. రెండు చక్రాల ట్రాలీలో సరుకంతా వెనక్కి పోతే హుక్ పైకి లేస్తుంది, ట్రాక్టర్ వెనక టైర్లకు పట్టు పోతుంది. మొత్తం ముందుకు వస్తే ట్రాక్టర్ ముందు చక్రాలు తేలిపోతాయి. ఇక స్టీరింగ్ తిప్పినా ఫలితముండదు. ట్రాలీని కంపెనీ ఇచ్చిన హుక్‌కే తగిలించాలి. అంతకంటే ఎత్తులో కడితే బండి వెనక్కి తిరగబడే ప్రమాదముంది.

దిగేటప్పుడే అసలు పరీక్ష

పల్లంలో డీజిల్ కలిసొస్తుందని న్యూట్రల్ చేసేవాళ్లున్నారు. కలిసొచ్చేది చెంచాడు డీజిల్... పోయేది ప్రాణం! గేరులో ఉన్నంతసేపూ ఇంజినే బండిని వెనక్కి పట్టి ఉంచుతుంది. న్యూట్రల్ చేసినా, క్లచ్ నొక్కినా ఆ పట్టు పోయినట్లే. చాలా ట్రాలీలకు బ్రేకులుండవు. అయిదారు టన్నులు వెనక నుంచి తోసుకొస్తే ట్రాక్టర్ అడ్డం తిరుగుతుంది. ఆ వేగంలో మళ్లీ గేరు వేద్దామన్నా పడదు. ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలన్నది పాతకాపుల సూత్రం. పొలంలో మలుపుల కోసం విడదీసిన రెండు బ్రేక్ పెడళ్లనూ రోడ్డెక్కే ముందు లాక్‌తో కలపాలి. లేదంటే ఒక చక్రమే ఆగి, బండి గిర్రున తిరుగుతుంది.

టీ రంగులో ఉంటే...

దమ్ము చేసేటప్పుడు ట్రాక్టర్ సగం బురదలోనే ఉంటుంది. సీళ్లు అరిగితే నీళ్లు లోపలికి చేరతాయి. చాలా మోడళ్లలో గేర్లకూ వెనక యాక్సిల్‌కూ హైడ్రాలిక్‌కూ ఒకటే నూనె. అది పాలు కలిపిన టీ రంగులోకి మారిందంటే నీళ్లు కలిసినట్లే. దాంతోనే కోతల్లో బరువులు లాగిస్తే బేరింగులూ పళ్లూ అరిగిపోతాయి. అందుకే దమ్ములయ్యాక, కోతలకు ముందు ఒకసారి నూనె చూడాలి. అవర్ మీటర్ ప్రకారం మార్చాలి. తీసిన నూనెలో ఇనుప రజను మెరుస్తుంటే మెకానిక్‌ని పిలవాల్సిందే.

వీటన్నిటికన్నా తేలికైన జాగ్రత్త ఒకటుంది... పది బస్తాలు తగ్గించడం! 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం అధిక బరువుకు 20 వేల రూపాయలు, పైన టన్నుకు 2 వేల చొప్పున జరిమానా నిర్ణయించింది. అది కట్టకుండా తప్పించుకున్నా క్లచ్ వేసే జరిమానా తప్పదు. ఒక ట్రిప్పు ఎక్కువ తిరిగితే అయ్యేది కాస్త డీజిల్, గంటో రెండు గంటలో సమయం. అంతే.

మళ్లీ ఆ ర్యాంపు దగ్గరికే వస్తే... వెనకే వచ్చిన పాత డ్రైవర్ ఒకాయన గట్టు కింద ఆగాడు. ట్రాలీ పైకంటా నిండలేదు. నింపనివ్వలేదు! 'లో' వేశాడు. పాదం పక్కకు తీశాడు. ట్రాక్టర్ తాపీగా, ఒకే గొంతుతో, పైకొచ్చేసింది.

మాడిన వాసన లేదు. తడి ఇసుక వాసన తప్ప!