పొద్దున నీరా... మధ్యాహ్నం కల్లు!

చెట్టు మీదున్నప్పుడు చక్కెర నీళ్లు. కిందికి దిగి నాలుగు గంటలైతే నురగలు కక్కే కల్లు. ఇంకో రోజు ఆగితే నోట పెట్టలేనంత పులుపు. తాగేవాళ్ల సరదా, వండేవాళ్ల నేర్పు, కల్తీవాళ్ల లాభం... అన్నీ ఈ కొద్ది గంటల చుట్టూనే తిరుగుతాయి.

ఇంకా పూర్తిగా తెల్లవారదు. తాటిచెట్టు మొదట్లో మోకు బిగుసుకుంటుంది. నడుముకు ముస్తాదు, అందులో పదును పెట్టిన కత్తులు, పక్కన వేలాడే లొట్టి. చూస్తుండగానే మనిషి చెట్టు తలలోకి చేరిపోతాడు. అక్కడ చేసే పని చాలా చిన్నది. గెల చివర కాగితమంత పలచటి పొర ఒకటి చెక్కడం. మందంగా చెక్కితే గెల తొందరగా అయిపోతుంది. మరీ పలచనైతే ధార రాదు. గాటు ఎండితే ధార ఆగిపోతుంది కాబట్టి ఉదయం, సాయంత్రం ఎక్కాల్సిందే. అరవై అడుగుల చెట్లు పది ఉన్నాయనుకుందాం. రోజుకు రెండుసార్లంటే 1200 అడుగులు. మెట్లు లేకుండా కుతుబ్‌మినార్‌ను అయిదుసార్లు ఎక్కినట్టు!

ఈతచెట్టు దారి వేరు. దానికి గెలను కాదు, మొవ్వు కింద కాండాన్నే గీస్తారు. ఒక ఏడు ఈ పక్క, మరో ఏడు ఆ పక్క. చెట్టు పొడవునా మెట్లలా కనిపించే గంట్లు అవే. వాటిని లెక్కపెడితే ఎన్నేళ్లు గీశారో చెప్పేయొచ్చు. చలికాలపు ఈతకల్లు తియ్యదనం వేరని దాని అభిమానులు ఒట్టేసి మరీ చెబుతారు. తాటికల్లు వాళ్లు ఒప్పుకోరనుకోండి. కొబ్బరి, జీలుగు చెట్లకూ కల్లు ఉంది. జీలుగుది మన్యం రుచి.

పిలవకుండా వచ్చే చుట్టం

చెట్టు నుంచి కారేది మత్తులేని తియ్యటి నీరే. అదే నీరా. మరి మత్తు ఎక్కడిది? గాల్లో, పువ్వు మీద, నిన్నటి కల్లు ఇంకిన లొట్టి గోడల్లో ఉండే ఈస్టుది. చుక్క పడీ పడగానే అది చక్కెరను తినడం మొదలుపెడుతుంది. ఒకపక్క ఆల్కహాలు, మరోపక్క బుడగలు. మధ్యాహ్నానికి ఆల్కహాలు నాలుగైదు శాతానికి చేరుతుంది. అంటే మామూలు బీరుతో సమానం. బీరు కోసం బార్లీని మొలకెత్తించాలి, ఉడికించాలి, ఈస్టు కలపాలి, వారాలపాటు ఆగాలి. ఇక్కడ ఆ పనంతా చెట్టు మీదే, లొట్టిలోనే అయిపోతుంది.

అయితే బీరులా సీసాలో పెట్టి నెలలు దాచడం కుదరదు. ఈస్టు పని అవుతుండగానే మరో రకం సూక్ష్మజీవులు దిగి ఆల్కహాలును వెనిగర్‌గా మార్చేస్తాయి. నీరాను నీరాగానే ఉంచాలంటే లొట్టి లోపల సున్నం పూయాలి, లేదా దింపిన క్షణం నుంచీ మంచులో పెట్టాలి. 2023 మేలో హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో నీరా కేఫ్ ప్రారంభమైంది. కల్లు మాటెత్తితే ముఖం చిట్లించే ఇళ్లవాళ్లు కూడా పిల్లలకు పట్టించగల పానీయం ఇది. దీన్నే కాచి దగ్గరపెడితే తాటిబెల్లం.

తెలంగాణ పల్లెల్లో కల్లంటే వట్టి తాగుడు కాదు. తాటాకును మడిచిన రేకలో పోయించుకుని, పక్కన గుడాలో, బోటీ వేపుడో, కాల్చిన ఎండుచేపలో పెట్టుకుని చెట్ల కింద కూర్చోవడం. ఆ కారానికీ కల్లు పులుపుకూ చక్కగా కుదురుతుంది. కానీ కల్లును వంటలోనే కలపడం ఎలాగో చూడాలంటే కేరళ, గోవా వెళ్లాల్సిందే.

పిండి పొంగితేనే కల్లు

కేరళలో కల్లప్పం అనే వంటకముంది. పేరులోనే కల్లు. రెండు గ్లాసుల పచ్చిబియ్యం నాలుగు గంటలు నానబెడతారు. గ్లాసు కొబ్బరికోరు, గుప్పెడు అన్నం, కాస్త జీలకర్ర, రెండు చిన్నుల్లిపాయలు చేర్చి మెత్తగా రుబ్బుతారు. నీళ్లకు బదులు ముప్పావు గ్లాసు తాజా కొబ్బరికల్లు, రెండు చెంచాల పంచదార. రాత్రి కలిపి పెడితే పొద్దుటికి గిన్నె అంచుదాకా పొంగుతుంది. అప్పుడు ఉప్పేసి, పెనం మీద మందంగా పోసి మూత పెట్టాలి. దోసెలా గరిటెతో తిప్పారో, బుడగలన్నీ పోతాయి. సోడా అక్కర్లేదు. దూదిలాంటి మెత్తదనం, వెనకాల చిన్న పులుపు. కోడిగుడ్డు కూరతో తిన్నవాళ్లు లెక్కపెట్టుకోరు!

గోవాలో ఇదే తరహాలో పిండిని ఆవిరి మీద ఉడికించి, ఇడ్లీల్లాంటి సన్నాలు చేస్తారు. అక్కడి రొట్టెల కథ మరీ బాగుంటుంది. పోర్చుగీసువారికి రొట్టె కావాలి, ఈస్టు లేదు. చుట్టూ చూస్తే కొబ్బరిచెట్లు. కల్లు పోసి పిండి పొంగించారు. వాళ్లు వైనులో, వెల్లుల్లిలో ఊరబెట్టే మాంసం వంటకం కూడా ఇక్కడికొచ్చి కల్లు వెనిగర్‌లో ఊరింది. అదే విందాలు. ‘ఆలు’ అని వినిపించినా అసలు వంటకంలో బంగాళాదుంపకు పని లేదు. ఆ ‘ఆలు’ పోర్చుగీసు భాషలో వెల్లుల్లి.

మరి పిల్లలకు పెట్టొచ్చా అన్నది చాలామంది సందేహం. పొయ్యి మీద పెడితే మత్తంతా ఎగిరిపోతుందని ఓ నమ్మకం. ఆల్కహాలు 78 డిగ్రీలకే మరుగుతుంది కాబట్టి పోవాలి కదా అని. నిజానికి అంత సులువుగా పోదు. అమెరికా వ్యవసాయ శాఖ లెక్కల ప్రకారం వంటలో కలిపి పావుగంట ఉడికిస్తే 40 శాతం మిగిలే ఉంటుంది. గంటకు 25 శాతం, రెండున్నర గంటలకు 5 శాతం. వైనో, రమ్మో పోసి మంట వెలిగించి చూపించే వంటల్లోనైతే ముప్పావు వంతు అలాగే ఉంటుంది. కల్లప్పంలో పోసేదే ముప్పావు గ్లాసు నాలుగైదు శాతం సరుకు, అది ఇంటిల్లిపాదికీ పంచినట్టు. మిగిలేది అతి స్వల్పమే. అయినా ఆల్కహాలు అసలే వద్దనుకునేవాళ్లు, మానేసే ప్రయత్నంలో ఉన్నవాళ్లు ఇంట్లో ఉంటే చిటికెడు ఈస్టుతో చేసుకోవడమే మేలు.

తెల్లటిదంతా కల్లు కాదు

హైదరాబాద్‌లో 2004లో మూతపడ్డ కల్లు దుకాణాలు 2014లో మళ్లీ తెరుచుకున్నాయి. చిక్కంతా ఒక్కటే. కల్లుకు గంటల ఆయుష్షు, నగరంలో చెట్లు లేవు. దూరం నుంచి వచ్చేది తక్కువ, తాగేవాళ్లు ఎక్కువ. ఆ లోటును నీళ్లు, శాకరిన్, నురగ కోసం మరొకటి, మత్తు కోసం క్లోరల్ హైడ్రేట్, డైజీపామ్, అల్ప్రాజోలమ్ లాంటివి పూడుస్తున్నాయి. చివరి రెండూ డాక్టరు చీటీ మీద ఇవ్వాల్సిన మందులు. ఎంత కలుపుతున్నారో కలిపేవాడికే తెలియదు. 2025 జులైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీకల్లు తాగి పలువురు ప్రాణాలు కోల్పోయారు.

అది ఆపినా గండమే. 2015 సెప్టెంబరులో కల్తీ మీద దాడులు పెరిగి సరుకు ఆగిపోయేసరికి నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఆసుపత్రులు నిండిపోయాయి. వణుకు, ఫిట్స్, పిచ్చిచూపులు. రోజూ తాగినవాళ్ల ఒళ్లు ఆ మందుకు అలవాటుపడిపోయింది. వాళ్లు మానింది కల్లనుకున్నారు, నిజానికి మానింది నిద్రమాత్రలు. ఇలాంటి అలవాటున్న వ్యక్తి ఇంట్లో ఉంటే గదిలో పెట్టి గడియ వేయడం పరిష్కారం కాదు. డాక్టరు పర్యవేక్షణలో మెల్లగా తగ్గించాలి.

పొడి కలిపిన నీళ్లలో చెట్టు చక్కెరా లేదు, దాన్ని తినే ఈస్టూ లేదు. బియ్యప్పిండిలో పోసినా అది కదలదు. నాలుకను శాకరిన్‌తో మభ్యపెట్టొచ్చు, పిండిని పెట్టలేరు.

అసలు కల్లు తగ్గడానికి ఇంకో కారణం చెట్టు ఎక్కేవాళ్లు తగ్గడం. కాలు జారితే నడుము విరుగుతుంది, లేదా ప్రాణమే పోతుంది. చూసి చూసి కొడుకులు పట్నం దారి పడుతున్నారు. 2024 జులైలో తెలంగాణ ప్రభుత్వం ‘కాటమయ్య రక్షా కవచం’ పేరిట భద్రతా కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. కాటమయ్య గౌడన్నల కులదైవం. పట్టు తప్పినా మనిషిని చెట్టుకే నిలబెట్టే తాళ్లవి.

చెట్ల దగ్గరికే స్టీలు క్యాను పట్టుకెళ్లేవాళ్లు ఇంకా ఉన్నారు. తియ్యగా కావాలంటే సూర్యుడి కంటే ముందే వెళ్లాలి. కాస్త ఘాటు కోరేవాళ్లు పదింటికి వస్తారు. అప్పానికి కావాలని అడిగితే, బుస్సుమంటూ నురగ కడుతున్న లొట్టి చూసి పోయించుకోవాలి. క్యాను మూత మాత్రం గట్టిగా బిగించకూడదు. దారిలో పొంగి బండంతా తడిసిపోతుంది.