చుక్కలు వేయించినా పోలియో ఎందుకు వచ్చింది?

సుమారు ఇరవై ఏళ్ల కిందట పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లోని మురాదాబాద్ లాంటి జిల్లాల్లో తల్లిదండ్రులను ఒక అనుమానం పీడించేది. ఏడెనిమిది సార్లు పోలియో చుక్కలు వేయించిన పిల్లల్లో కూడా కొందరికి కాళ్లు చచ్చుబడ్డాయి. మరి ఆ మందు దేనికని జనం అడిగారు. అది పిల్లలు పుట్టకుండా చేసే మందన్న పుకారూ తోడైంది. కొన్ని ముస్లిం బస్తీల్లో టీకా సిబ్బంది వస్తే తలుపులు వేసుకున్నారు. పుకారు పచ్చి అబద్ధం. కానీ చుక్కలు అక్కడ సరిగ్గా పనిచేయడం లేదన్నది మాత్రం నిజం.

2006లో వెలువడిన ఒక పరిశోధన లెక్క ప్రకారం, అప్పటి చుక్కల మందు ఒక్కో డోసు టైప్ 1 పోలియో నుంచి ఇచ్చిన రక్షణ ఉత్తరప్రదేశ్‌లో దాదాపు 9 శాతం, బీహార్ మినహా మిగతా దేశంలో 21 శాతం.

ఎందుకిలా? చుక్కల్లో ఉండేది బలహీనపరిచిన వైరస్. అది పేగుల్లో కొన్నాళ్లు పెరిగితేనే ఒంట్లో రోగనిరోధక శక్తి వస్తుంది. కలుషిత నీళ్లు, ఇరుకు ఇళ్లు ఉన్నచోట పిల్లల పేగుల్లో అప్పటికే వేరే వైరస్‌లు తిష్ట వేసి ఉంటాయి. అవి టీకా వైరస్‌ను పెరగనివ్వవు. విరేచనాలైతే టీకా వైరస్ పని మొదలుపెట్టకముందే బయటికి పోతుంది. పైగా మందులోని మూడు రకాల వైరస్‌లూ ఒకదానికొకటి అడ్డుపడతాయి.

అందుకే 2005 నుంచి ఒకే రకం, 2010 నుంచి రెండు రకాల వైరస్ ఉన్న చుక్కలు తెచ్చారు. ఉలమాలు, మసీదు ఇమాములు, అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీ, జామియా మిలియా ఇస్లామియా వంటి సంస్థలు జనానికి నచ్చజెప్పాయి. దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లోని హౌరాలో బయటపడింది. 2014 మార్చి 27న పోలియో రహిత ధ్రువీకరణ వచ్చింది.

ఈ ఇబ్బంది పోలియోతోనే ఆగదు. హైదరాబాద్‌లో తయారయ్యే రోటావాక్ చుక్కలు మన దేశంలో జరిగిన పరీక్షల్లో తీవ్రమైన రోటావైరస్ విరేచనాలను సగానికి పైగా తగ్గించాయి. సంపన్న దేశాల్లో ఇలాంటి టీకాలు ఇంకా ఎక్కువ రక్షణ ఇస్తున్నాయి. ఇథియోపియాలో నులిపురుగుల మందు వేసుకున్నవారిలో బీసీజీ టీకాకు స్పందన మెరుగైంది.

అంటే టీకా వృథా అని కాదు, ఒక్క డోసుతో సరిపెట్టుకోకూడదని. పిల్లలకు అన్ని డోసులూ వేళకు వేయించాలి. ఇప్పుడు ఇంజెక్షన్ రూపంలోనూ పోలియో టీకా ఇస్తున్నారు. దానికి పేగుల్లోని వైరస్‌లు అడ్డు రావు, కాబట్టి అదీ మానొద్దు. కాస్త విరేచనాలున్నాయని టీకా తేదీ దాటవేయకుండా ముందు ఏఎన్ఎంను అడగాలి. ఫిబ్రవరి 10న స్కూళ్లు, అంగన్‌వాడీల్లో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర మింగించాలి. తాగే నీళ్లు కాచి చల్లార్చాలి. పేగులు శుభ్రంగా ఉంటేనే చుక్కల మందు బాగా పనిచేస్తుంది.