స్క్రీన్ రికార్డింగ్‌లో సిస్టమ్ సౌండ్ మూగగా వస్తోందా? సాఫ్ట్‌వేర్ మార్చే ముందు మీ బ్లూటూత్ హెడ్‌సెట్‌ని చూడండి

వీడియో బ్రహ్మాండంగా ఉంటుంది. అక్షరాలు, మౌస్ కదలికలు అన్నీ స్పష్టంగా కనిపిస్తాయి. ప్లే చేస్తే మాత్రం కంప్యూటర్ సౌండ్ బిందెలోంచి వస్తున్నట్టు, స్పీకర్ మీద దుప్పటి కప్పినట్టు ఉంటుంది. ఆన్‌లైన్ క్లాసులు చెప్పేవాళ్లకి, ట్యుటోరియల్ వీడియోలు చేసేవాళ్లకి ఇది మామూలు తలనొప్పి కాదు. రికార్డింగ్ జరుగుతున్నంతసేపు ఒక్క ఎర్రర్ మెసేజ్ కూడా రాదు. రెండు గంటల క్లాస్ అయిపోయి, ఎడిటింగ్‌కి కూర్చున్నాక అసలు సంగతి బయటపడుతుంది. అప్పటికి చేయగలిగింది చాలా తక్కువ.

ఇలాంటప్పుడు చాలామంది చేసే మొదటి పని రికార్డర్ మార్చడం. ఓబీఎస్ తీసేసి ఇంకోటి, అదీ తీసేసి మరొకటి వేస్తారు. సౌండ్ మాత్రం అలాగే ఉంటుంది. ఎందుకంటే చాలా కేసుల్లో సౌండ్ రికార్డర్ దాకా చేరకముందే పాడైపోతుంది. రికార్డర్ తనకి అందినదాన్ని అందినట్టే దాస్తోంది, అంతే.

ముందు ఈ చిన్న టెస్ట్ చేయండి

మీకు బాగా అలవాటైన పాట ఒకటి పెట్టండి. తాళాలో, గజ్జెలో, డ్రమ్స్‌లోని సింబల్సో గలగలలాడే పాట అయితే ఇంకా మంచిది. హెడ్‌సెట్‌లో వింటూ రికార్డర్ ఓపెన్ చేయండి. ఓపెన్ చేసిన క్షణంలోనో, రికార్డ్ బటన్ నొక్కిన క్షణంలోనో చెవిలో పాట ఒక్కసారిగా ఫోన్ కాల్‌లా మారిపోయిందా? అయితే దొంగ దొరికినట్టే, అది బ్లూటూత్. చెవిలో బాగానే వినిపిస్తూ రికార్డింగ్‌లో మాత్రమే పాడైతే కారణం వేరే ఉంది, దాని గురించి కింద చెప్పుకుందాం.

బ్లూటూత్‌తో వచ్చే చిక్కు ఇదీ

మామూలు బ్లూటూత్ హెడ్‌సెట్‌కి రెండు పద్ధతులు ఉంటాయి. పాటలు వినడానికి ఏ2డీపీ. ఇది స్టీరియో, 44.1 లేదా 48 కిలోహెర్ట్జ్ శాంపిల్ రేట్‌తో నడుస్తుంది, కానీ సౌండ్ ఒకవైపే వెళ్తుంది, అంటే కంప్యూటర్ నుంచి చెవికి. మైక్ కూడా కావాలంటే కాల్స్ కోసం తయారుచేసిన రెండో పద్ధతికి, అంటే హెచ్‌ఎఫ్‌పీకి మారాల్సిందే. అందులో సౌండ్ మోనో. పాత సీవీఎస్‌డీ కోడెక్ అయితే 8 కిలోహెర్ట్జ్, కాస్త మెరుగైన ఎంఎస్‌బీసీ అయితే 16 కిలోహెర్ట్జ్.

డిజిటల్ ఆడియోలో శాంపిల్ రేట్‌లో సగం వరకే ఫ్రీక్వెన్సీలు నిలుస్తాయి. అంటే 8 కిలోహెర్ట్జ్ దగ్గర మీకు మిగిలేది 4 కిలోహెర్ట్జ్ లోపలి శబ్దమే. మన మాటల్లో స అక్షరం సూదిదనం చాలావరకు దానికి పైనే ఉంటుంది. అందుకే ఇలాంటి రికార్డింగ్‌లో 'సారం' అన్నా 'ఫారం' అన్నా ఒకేలా వినిపిస్తుంది. ఇంగ్లిష్ ఉచ్చారణ నేర్పే టీచరో, సంగీతం క్లాసులు చెప్పేవాళ్లో అయితే ఆ వీడియో వల్ల ప్రయోజనమే ఉండదు.

ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఇంకోటి ఉంది. మీరు మైక్‌లో మాట్లాడకపోయినా ఇది జరుగుతుంది. ఓబీఎస్‌లో మైక్ సెట్టింగ్ 'డిఫాల్ట్' అని ఉండి, విండోస్ డిఫాల్ట్ మైక్ మీ హెడ్‌సెట్ అయితే, ఓబీఎస్ తెరవగానే ఆ మైక్‌ని పట్టుకుంటుంది. వెంటనే హెడ్‌సెట్ కాల్ మోడ్‌లోకి జారిపోతుంది. మిక్సర్‌లో మైక్‌ని మ్యూట్ చేసినా లాభం లేదు, మ్యూట్ చేసినంత మాత్రాన ఓబీఎస్ ఆ మైక్‌ని వదిలిపెట్టదు. సెట్టింగ్స్‌లో ఆడియోకి వెళ్లి, మైక్ దగ్గర 'డిజేబుల్డ్' పెట్టాలి, లేదా వేరే మైక్‌ని పేరు చూసి ఎంచుకోవాలి.

అన్నిటికంటే తేలికైన పరిష్కారం కూడా అదే. వినడానికి హెడ్‌సెట్, మాట్లాడటానికి ల్యాప్‌టాప్ మైక్ లేదా ఒక వైర్డ్ మైక్. విండోస్‌లో సెట్టింగ్స్, సిస్టమ్, సౌండ్ లోకి వెళ్లి ఇన్‌పుట్ దగ్గర హెడ్‌సెట్ కాకుండా వేరే మైక్‌ని సెలెక్ట్ చేయండి. విండోస్ 10 వాడుతుంటే ఔట్‌పుట్ లిస్ట్‌లో మీ హెడ్‌సెట్ రెండుసార్లు కనిపిస్తుంది. ఒకదాని పక్కన 'స్టీరియో' అని, ఇంకోదాని పక్కన 'హ్యాండ్స్-ఫ్రీ' అని ఉంటుంది. స్టీరియో ఉన్నదే తీసుకోండి. విండోస్ 11లో రెండూ కలిపి ఒకే పేరుతో చూపిస్తారు. చూడ్డానికి బాగుంటుంది కానీ, ఏ మోడ్‌లో ఉన్నామో తెలియకుండా పోతుంది. నా లెక్కలో పాత పద్ధతే నయం.

హెడ్‌సెట్ మైక్ ఎప్పటికీ వద్దనుకుంటే డివైసెస్ అండ్ ప్రింటర్స్ తెరిచి, హెడ్‌సెట్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌కి వెళ్లండి. సర్వీసెస్ ట్యాబ్‌లో 'హ్యాండ్స్-ఫ్రీ టెలిఫోనీ' పక్కన ఉన్న టిక్ తీసేయండి. దీంతో ఆ హెడ్‌సెట్ మైక్ ఆ కంప్యూటర్‌లో పనిచేయదు. తర్వాత ఆఫీస్ కాల్‌లో 'మీ మాట వినిపించట్లేదు' అంటే ఈ టిక్ గుర్తుకు తెచ్చుకోండి.

కొత్తగా వస్తున్న ఎల్ఈ ఆడియోలో ఈ ఇబ్బంది చాలావరకు తగ్గుతుంది. కానీ హెడ్‌సెట్, ల్యాప్‌టాప్ బ్లూటూత్ చిప్, డ్రైవర్, విండోస్ అన్నీ సపోర్ట్ చేయాలి. బాక్స్ మీద 'బ్లూటూత్ 5.3' అని ఉన్నంత మాత్రాన ఎల్ఈ ఆడియో ఉన్నట్టు కాదు, కొనేటప్పుడు ఆ పేరు విడిగా చూసుకోండి. డబ్బులు పెట్టే ఉద్దేశం లేకపోతే మామూలు 3.5 ఎంఎం వైర్డ్ ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే ఈ గొడవే ఉండదు. మ్యాక్ వాడేవాళ్లకీ ఇదే వర్తిస్తుంది. ఎయిర్‌పాడ్స్‌ని మైక్‌గా వాడితే అక్కడా వినిపించే క్వాలిటీ పడిపోతుంది, ఇన్‌పుట్‌ని మ్యాక్ సొంత మైక్‌కి మార్చుకోండి.

చెవిలో బాగుంది, రికార్డింగ్‌లోనే బాలేదంటే

అప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే. కంప్యూటర్ సౌండ్ నేరుగా రికార్డ్ అవుతోందా, లేక స్పీకర్ నుంచి గాల్లోకి వచ్చి మైక్‌లో పడుతోందా? స్పీకర్లు పూర్తిగా మ్యూట్ చేయకుండా, వైర్డ్ ఇయర్‌ఫోన్స్ పెట్టి ఒక నిమిషం రికార్డ్ చేయండి. అందులో సిస్టమ్ సౌండ్ దాదాపు మాయమైతే, ఇన్నాళ్లూ మైక్ ద్వారానే వచ్చిందన్నమాట. ఓబీఎస్‌లో 'డెస్క్‌టాప్ ఆడియో' ఆన్ చేయండి. జూమ్‌లో క్లాస్ రికార్డ్ చేసేవాళ్లు స్క్రీన్ షేర్ చేసేటప్పుడు 'షేర్ సౌండ్' టిక్ పెట్టకపోతే ఇదే జరుగుతుంది. పైగా మైక్‌లోకి వచ్చిన పాటని జూమ్ చుట్టుపక్కల రొద అనుకుని అణిచేస్తుంది.

రొదని అణిచే ఫిల్టర్లు ఓబీఎస్‌లోనూ ఉంటాయి. వాటిని మైక్‌కి పెట్టడం మంచిదే. పొరపాటున డెస్క్‌టాప్ ఆడియోకి పెడితే మాత్రం సంగీతాన్ని రొదగా లెక్కేసి కోసేస్తాయి. మిక్సర్‌లో డెస్క్‌టాప్ ఆడియో పక్కన ఉన్న మెనూలో ఫిల్టర్స్ తెరిచి ఒకసారి చూడండి. విండోస్ సౌండ్ సెట్టింగ్స్‌లో ఉండే 'ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్' కూడా ఆఫ్ చేసి పోల్చి చూడండి.

సౌండ్ మూగగా కాకుండా డొల్లగా, గొట్టంలోంచి వచ్చినట్టు ఉంటే ఒకే శబ్దం రెండు దారుల్లో రికార్డ్ అవుతోందని అర్థం. డెస్క్‌టాప్ ఆడియో, అప్లికేషన్ ఆడియో క్యాప్చర్ రెండూ ఆన్‌లో ఉంటే ఇలా అవుతుంది. ఒకటి తీసేయండి. ఆడియో బిట్‌రేట్ 64కి తగ్గించి పెట్టుకున్నా సౌండ్ మసకబారుతుంది, 160 లేదా 192 ఉంచితే చాలు. సైజ్ కాస్త పెరుగుతుంది కానీ వీడియో ముందు అదేమంత లెక్క కాదు.

ఇప్పటికే రికార్డ్ చేసింది బాగవుతుందా?

ఫైల్‌ని ఆడాసిటీలో తెరవండి, ఎంపీ4 అయితే ఎఫ్ఎఫ్ఎంపెగ్ లైబ్రరీ కూడా వేసుకోవాలి. ట్రాక్ మెనూ తెరిచి 'స్పెక్ట్రోగ్రామ్' ఎంచుకోండి. పక్కన స్కేల్ 20 కిలోహెర్ట్జ్ దాకా ఉండేలా సెట్ చేసుకోండి. రంగు సరిగ్గా 4 లేదా 8 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టు ఆగిపోయి పైనంతా ఖాళీగా ఉంటే అది బ్లూటూత్ కాల్ మోడ్ పనే. 15, 16 దాకా రంగు ఉంటే కంగారు పడక్కర్లేదు, ఈక్వలైజర్‌లో పై భాగం కొంచెం పెంచితే సరిపోవచ్చు.

కోసుకుపోయిన దాన్ని మాత్రం ఈక్వలైజర్ తిరిగి తేలేదు. లేని శబ్దాన్ని ఎంత పెంచినా వచ్చేది బుస శబ్దమే. మీ గొంతు వేరే ట్రాక్‌లో ఉంటే ఇంకా ఆశ ఉంది. మీరు ప్లే చేసిన పాటో వీడియోనో ఒరిజినల్ ఫైల్ తెచ్చి, ఎడిటింగ్‌లో పాడైన ట్రాక్ స్థానంలో పెట్టేయొచ్చు. అందుకే ఓబీఎస్ ఔట్‌పుట్ మోడ్‌ని 'అడ్వాన్స్‌డ్' చేసి, రికార్డింగ్ ట్యాబ్‌లో 1, 2, 3 ట్రాక్‌లకి టిక్ పెట్టండి. ఆ తర్వాత 'అడ్వాన్స్‌డ్ ఆడియో ప్రాపర్టీస్'లో మైక్‌ని 1, 2కి, డెస్క్‌టాప్ ఆడియోని 1, 3కి ఇవ్వండి. ఫైల్ ఫార్మాట్ ఎంకేవీ పెడితే మధ్యలో కరెంట్ పోయినా అప్పటిదాకా అయింది దక్కుతుంది.